మోడ్‌తో మొదలుపెట్టాలా, ఇంజిన్‌తోనా?

"గేమ్ చేయాలని ఉంది, ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?" అని అడిగితే ఒకరు గోడాట్ అనే గేమ్ ఇంజిన్ (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్) దించుకోమంటారు, ఇంకొకరు మైన్‌క్రాఫ్ట్‌కి మోడ్, అంటే ఉన్న గేమ్‌ని మార్చే ముక్క, రాయమంటారు. రెండూ మంచి సలహాలే. కాకపోతే అవి రెండు వేరు వేరు పనులు. ఒకదాంట్లో తలనొప్పి తెచ్చేది ఇంకోదాంట్లో ఎదురే కాదు. ఒకదాంట్లో ఉచితంగా దొరికేది ఇంకోదాంట్లో మూడు నెలల పని.

ముందు మీ ఆలోచనను కాగితం మీద ఒక్క వాక్యంగా రాయండి. "స్టార్‌డ్యూ వ్యాలీలో సంక్రాంతి రావాలి, ఊరంతా ముగ్గులు వేయాలి" అని రాశారనుకోండి, అది మోడ్. సేద్యం చేసే ఆ గేమ్‌లో ఆ ఊరు, ఆ మనుషులు, ఆ క్యాలెండర్ ముందే ఉన్నాయి కాబట్టే ఆ వాక్యంలో సరదా ఉంది. "గోదావరి లంకలో సేద్యం, వరద వచ్చేలోపు పంట ఇల్లు చేరాలి" అని రాస్తే అది సొంత గేమ్. పాత గేమ్ పేరు కొట్టేసి మళ్లీ చదవండి. మిగిలినదాంట్లో ఆడాలనిపించేది ఇంకా ఉంటే ఇంజిన్ పట్టుకోండి, లేకపోతే మోడ్ చేయండి. ఇంతకంటే నమ్మకమైన పరీక్ష మాకు తెలీదు.

ఇంకో మాట ముందే చెప్పుకోవాలి. మన దగ్గర "మోడ్" అనగానే చాలామందికి గుర్తొచ్చేది "మోడ్ ఏపీకే": అన్‌లిమిటెడ్ కాయిన్స్, అన్నీ అన్‌లాక్. ఇక్కడ చెప్పేది దాని గురించి కాదు. అది ఎవరో విప్పి, మార్చి, తమ సొంత కీతో మళ్లీ సంతకం చేసిన యాప్. సంతకం మారింది కాబట్టి ప్లే స్టోర్ అప్‌డేట్ దాని మీద ఎక్కదు. లోపల ఇంకేం కలిపారో మీకు కనిపించదు. బీజీఎంఐ లాంటి ఆన్‌లైన్ పోటీ గేముల్లో ఫైళ్లు ముట్టుకుంటే దాన్ని మోసంగానే లెక్కేసి అకౌంట్ మూసేస్తారు. మోడింగ్ నేర్చుకోవాలంటే ఒంటరిగా ఆడే గేమ్, లేదా మోడ్‌లను తయారుచేసినవాళ్లే అనుమతించిన గేమ్ ఎంచుకోండి.

చేతికి ఏం వస్తుంది, ఏం రాదు

గేమ్ ఇంజిన్ అంటే తెర మీద బొమ్మ గీయడం, మీట నొక్కితే పట్టుకోవడం, రెండు వస్తువులు ఢీకొన్నాయో లేదో చూడడం, శబ్దం వినిపించడం లాంటి అడుగు పనులన్నీ చేసిపెట్టే సాఫ్ట్‌వేర్. గోడాట్, యూనిటీ, అన్‌రియల్, గేమ్‌మేకర్ అన్నీ ఈ కోవవే. గోడాట్ తెరిచి కొత్త ప్రాజెక్ట్ చేస్తే కనిపించేది బూడిదరంగు ఖాళీ తెర. హీరో ఉండడు, నేల ఉండదు, స్కోరు ఉండదు, "గేమ్ ఓవర్" కూడా ఉండదు.

మోడ్‌లో తిరకాసు దీనికి పూర్తిగా తలకిందులు. స్టార్‌డ్యూ వ్యాలీ మోడ్ మొదలుపెట్టేసరికే గడియారం తిరుగుతుంటుంది, ఋతువులు మారుతుంటాయి, చేపలు పడతాయి, సేవ్ అవుతుంది, ఊళ్లో జనం తమ దారిన తాము నడుస్తుంటారు. మీకు దొరకనిది ఖాళీ తెర. ఏం చేసినా ఆ గేమ్ ఒప్పుకున్న చోటే చేయాలి.

ఎంత ఒప్పుకుంటుందన్నది గేమును బట్టి ఉంటుంది. 1993 డిసెంబర్‌లో వచ్చిన డూమ్ తన మ్యాపులు, బొమ్మలు, శబ్దాలు అన్నిటినీ ప్రోగ్రామ్‌లో కలపకుండా వ్యాడ్ అనే వేరే ఫైల్లో పెట్టింది. దాంతో ప్రోగ్రామ్ జోలికి పోకుండా వ్యాడ్ మారిస్తే చాలు, కొత్త లెవెళ్లు తయారు. అప్పట్నుంచీ మోడింగ్‌కి అనుకూలమైన గేమ్ అంటే ఇదే లక్షణం: డేటా ఒకచోట, కోడ్ ఒకచోట. హాఫ్‌లైఫ్ మీద 1999లో మోడ్‌గా పుట్టిన కౌంటర్‌స్ట్రైక్ మరుసటి ఏడే వాల్వ్ కంపెనీ చేతుల మీదుగా సొంత గేమ్‌గా అమ్మకానికి వచ్చింది. వార్‌క్రాఫ్ట్ 3 మ్యాప్‌గా మొదలైన డోటాది కూడా అదే దారి.

మోడ్‌లలోనూ లోతులు ఉన్నాయి. బొమ్మ మార్చడం అన్నిటికంటే పైపొర. దాని కింద డేటా, అంటే ధరలు, మాటలు, పంట కాలం. ఇంకా కింద కోడ్. అన్నిటికంటే కింద గేమ్ మొత్తాన్ని మార్చేయడం. పై రెండు పొరలకు ప్రోగ్రామింగ్ అక్కర్లేదు. మూడో పొరలోకి దిగితే ఇంజిన్‌లో రాసేంత కోడ్ రావాలి. పైగా ఇంకొకరు రాసిన కోడ్ చదవడం కూడా రావాలి, ఇది కొత్తది రాయడం కంటే కష్టం. "ప్రోగ్రామింగ్ రాదు కాబట్టి మోడ్ చేస్తా" అనుకునేవాళ్లు ఏ పొరలో ఆగాలో ముందే చూసుకోవాలి.

ఒక పంట ధర మార్చి చూద్దాం

స్టార్‌డ్యూ వ్యాలీలో పార్స్‌నిప్ అనే దుంప ధర మారుద్దాం. ఇది డేటా పొర మోడ్, ఒక సాయంత్రం పని. కంప్యూటర్‌లో గేమ్ ఉండాలి, 1.6 లేదా ఆ తర్వాతి వెర్షన్.

మోడ్‌లను గేములోకి ఎక్కించేది స్మాపీ అనే లోడర్. దాని జిప్ ఫైల్ దించుకుని గేమ్ ఫోల్డర్ బయట ఎక్కడైనా విప్పండి. జిప్ లోపల్నుంచే ఇన్‌స్టాలర్ నొక్కితే మిగతా ఫైళ్లు దానికి దొరకవు, కాబట్టి పూర్తిగా విప్పాకే నడపండి. విండోస్ కోసం ఉన్న ఇన్‌స్టాల్ ఫైల్ నొక్కితే నల్ల తెర వచ్చి అంకెలతో ప్రశ్నలు అడుగుతుంది. గేమ్ స్టీమ్‌లో కొన్నదైతే చివర్లో ఒక లైన్ చూపిస్తుంది, దాన్ని స్టీమ్‌లో ఈ గేమ్ లాంచ్ ఆప్షన్స్‌లో అతికించండి. తర్వాత కంటెంట్ ప్యాచర్ అనే మోడ్ దించుకుని గేమ్ ఫోల్డర్‌లోని మోడ్స్ ఫోల్డర్లో విప్పండి. కోడ్ రాయకుండా డేటా, బొమ్మలు మార్చనిచ్చేది ఇదే.

ఇప్పుడు అదే మోడ్స్ ఫోల్డర్లో మీ మోడ్‌కి ఒక ఫోల్డర్ చేయండి. అందులో రెండే ఫైళ్లు: మానిఫెస్ట్ డాట్ జేసన్, కంటెంట్ డాట్ జేసన్. జేసన్ అంటే సమాచారాన్ని పేరు, విలువ జతలుగా రాసే పద్ధతి, ఆ పేర్లనే కీలంటారు. నోట్‌ప్యాడ్ చాలు. రెండు ఫైళ్లలోని కీ పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో, స్పేస్ లేకుండా టైప్ చేయాలి.

మానిఫెస్ట్‌లో నేమ్, ఆథర్, వెర్షన్, డిస్క్రిప్షన్, యూనిక్ ఐడీ ఇవ్వండి. వెర్షన్ 1.0.0. యూనిక్ ఐడీ అంటే మీ పేరు, చుక్క, మోడ్ పేరు. ప్రపంచంలో ఇంకెవరూ వాడనిది కావాలి. వీటితోపాటు "కంటెంట్‌ప్యాక్‌ఫర్" అనే కీ కింద కంటెంట్ ప్యాచర్ ఐడీ రాయాలి. ఇది మరిచిపోతే మీ ఫోల్డర్‌ని ఎవరికి అప్పగించాలో స్మాపీకి తెలీదు, మోడ్‌ని పక్కన పెట్టేస్తుంది.

కంటెంట్ ఫైల్లో మొదట "ఫార్మాట్" 2.0.0. తర్వాత "చేంజెస్" అనే జాబితా, అందులో ఒకే మార్పు: "యాక్షన్" దగ్గర ఎడిట్‌డేటా, "టార్గెట్" దగ్గర డేటా స్లాష్ ఆబ్జెక్ట్స్, "ఫీల్డ్స్" దగ్గర 24, దాని లోపల "ప్రైస్" 60. పార్స్‌నిప్ ఐడీయే ఆ 24. గేమ్ నడిపి, కొత్తగా కోసిన పార్స్‌నిప్‌ని అమ్మి చూడండి. 35 రావాల్సిన చోట 60 వస్తే మోడ్ పనిచేసింది. 75 వస్తే కంగారు పడకండి, అది వెండి నక్షత్రం ఉన్న దుంప, దానికి ధర 1.25 రెట్లు.

పని చేయకపోతే కారణం దాదాపు ఎప్పుడూ కింది మూడింట్లో ఒకటి. ఫైల్ పేరు కంటెంట్ డాట్ జేసన్ అనే కనిపిస్తుంది, నిజానికి చివర డాట్ టీఎక్స్‌టీ దాక్కుని ఉంటుంది. విండోస్ ఎక్స్‌ప్లోరర్ వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ పెడితే బయటపడుతుంది. రెండోది కామా: ఒక లైన్‌కీ తర్వాతి లైన్‌కీ మధ్య కామా మరిచిపోవడం. మూడోది కొటేషన్ గుర్తులు. వాట్సాప్‌లో పంపిన కోడ్‌నో, వర్డ్‌లో పెట్టుకున్న కోడ్‌నో అతికిస్తే నిటారు కొటేషన్లు వంకర కొటేషన్లుగా మారిపోయి ఉంటాయి. జేసన్‌కి అవి అర్థం కావు. గేమ్‌తో పాటు తెరుచుకునే స్మాపీ నల్ల తెరలో ఎర్ర అక్షరాలు చదవండి, ఏ మోడ్‌లో తప్పో అక్కడ ఉంటుంది. అదే తెరలో ప్యాచ్ సమ్మరీ అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే మీ మార్పు అమలైందో లేదో, కాకపోతే ఎందుకో చెబుతుంది.

సాంకేతికంగా పని అయిపోయింది. ఇప్పుడు ఆ 60 సంగతి చూడండి. విత్తనం 20, పంటకు 4 రోజులు. పాత ధరలో ఒక్కో విత్తనానికి 15 లాభం, అంటే రోజుకు 3.75. మనం 60 చేశాక లాభం 40, రోజుకు 10. అదే వసంతంలో బంగాళాదుంప విత్తనం 50, ధర 80, 6 రోజులు: అప్పుడప్పుడూ అదనంగా వచ్చే దుంపలు వదిలేస్తే రోజుకు 5. కాలీఫ్లవర్ విత్తనం 80, ధర 175, 12 రోజులు: రోజుకు దాదాపు 8. అంటే ఈ మూడింట్లో అన్నిటికంటే చవకైన, మొదటి రోజే 15 విత్తనాలు ఉచితంగా చేతికొచ్చే పంట, మూడింట్లోనూ లాభమైన పంట అయిపోయింది. ఇంక వసంతంలో మిగతా రెండూ వేయాల్సిన పనేముంది? ధర 40 పెట్టి చూడండి. రోజుకు 5, బంగాళాదుంపతో సమానం, ఏది వేయాలా అని ఆడేవాళ్లు ఆలోచిస్తారు. డేటా మోడ్‌లో అసలు పని ఇదే. అంకె మార్చడం రెండు నిమిషాలు. ఆ అంకె చుట్టూ అల్లుకున్న మిగతా అంకెలను చదవడానికి రెండు గంటలు పట్టినా ఆ సమయం వృథా కాదు.

ఒక్క గెంతు, మొదటి నుంచి

ఇప్పుడు గోడాట్. దించుకునేది వంద ఎంబీకి అటూఇటూ ఉంటుంది, ఇన్‌స్టాల్ అక్కర్లేదు, విప్పి నడపడమే. కొత్త ప్రాజెక్ట్ చేసేటప్పుడు రెండరర్, అంటే తెర మీద బొమ్మలు గీసే పద్ధతి, ఏది కావాలో అడుగుతుంది. పాత ల్యాప్‌టాప్ అయినా, మామూలు ఫోన్లో నడవాలన్నా, బ్రౌజర్లో ఆడించాలన్నా కంపాటిబిలిటీ ఎంచుకోండి.

2డీ సీన్ తీసుకుని, అందులో క్యారెక్టర్‌బాడీ2డీ నోడ్ పెట్టండి (సీన్‌లోని ఒక్కో భాగాన్నీ నోడ్ అంటారు). దానికి పిల్ల నోడ్లుగా ఒక స్ప్రైట్2డీ, ఒక కొలిజన్‌షేప్2డీ. స్ప్రైట్‌కి ప్రాజెక్ట్‌తో పాటే వచ్చే ఐకాన్ బొమ్మ లాగి వదలండి, అది 128 పిక్సెళ్ల చదరం. కొలిజన్‌కి రెక్టాంగిల్ ఆకారం ఇచ్చి బొమ్మంత చేయండి. పక్కన పసుపు త్రికోణం హెచ్చరిక కనిపిస్తుంటే ఆకారం ఇవ్వలేదని అర్థం. నేల కోసం స్టాటిక్‌బాడీ2డీ, దానికీ ఒక కొలిజన్‌షేప్2డీ, వెడల్పాటి రెక్టాంగిల్. నేలకు బొమ్మ లేకపోయినా పర్లేదు, కొలిజన్ లేకపోతే మాత్రం హీరో తెర కింది నుంచి జారిపోతాడు. తర్వాత హీరోకి స్క్రిప్ట్ తగిలించండి. టెంప్లేట్ దగ్గర బేసిక్ మూవ్‌మెంట్ అని ఉంటుంది, అదే ఉంచండి. ఎఫ్5 నొక్కితే నడుస్తుంది: బాణాలతో అటూఇటూ, స్పేస్‌తో గెంతు.

ఆ స్క్రిప్ట్‌లో పైన రెండే అంకెలు: వేగం 300, గెంతు మైనస్ 400. మైనస్ ఎందుకంటే తెర మీద నిలువు లెక్క పై నుంచి కిందికి పెరుగుతుంది, పైకి వెళ్లడమంటే తగ్గడం. దీన్ని ప్లస్ చేస్తే గెంతాల్సిన హీరో నేలకే అతుక్కుంటాడు. ఇక ఎత్తు: గోడాట్‌లో గురుత్వం మామూలుగా 980. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన సూత్రమే, వేగం వర్గాన్ని గురుత్వానికి రెట్టింపుతో భాగించాలి. 400 ఇంటూ 400, భాగం 1960: దాదాపు 82 పిక్సెళ్లు. హీరో ఎత్తేమో 128. అంటే తన అంత పెట్టె ఎదురైతే ఎక్కలేడు. మైనస్ 520 చేస్తే దాదాపు 138 పిక్సెళ్లు వస్తుంది, ఎక్కుతాడు. రెట్టింపు గెంతాలని మైనస్ 800 పెడితే మాత్రం ఎత్తు నాలుగు రెట్లు అయి 326కి పోతుంది. కాబట్టి ముందు గెంతు ఖాయం చేసుకుని, ఆ తర్వాతే లెవెల్ గీయండి. లెవెల్ గీశాక గెంతు మారిస్తే ప్రతి గట్టూ మళ్లీ జరపాలి.

ఇంతా చేశాక కూడా ఆ గెంతు మొరటుగా ఉంటుంది. గట్టు అంచు దాటాక కూడా పదో వంతు సెకను పాటు గెంతనివ్వాలి, నేల తగిలే ముందు నొక్కిన మీట గుర్తుపెట్టుకోవాలి, మీట త్వరగా వదిలితే తక్కువ ఎత్తు గెంతాలి. మనం ఆడిన మంచి గేములన్నిట్లో ఇలాంటివి కంటికి కనపడకుండా ఉంటాయి. మోడ్‌లో అవన్నీ ఎవరో చేసిపెట్టినవి. ఇక్కడ ప్రతిదీ మీరే గమనించి, పేరు పెట్టి, రాయాలి. ఇంజిన్‌తో గేమ్ చేయడానికి పట్టే కాలమంతా ఇలాంటి వాటిలోనే పోతుంది.

కొత్తవాళ్లు ఎక్కువగా పడే గుంటలు కొన్ని. నడక వేగాన్ని డెల్టాతో, అంటే ఒక ఫ్రేముకు పట్టే కాలంతో, గుణించడం: స్క్రిప్ట్ చివరి మూవ్ అండ్ స్లైడ్ ఆ పని తానే చేస్తుంది, మీరు మళ్లీ చేస్తే 300 కాస్తా సెకనుకు 5 పిక్సెళ్లయి హీరో నత్తలా పాకుతాడు. చిన్న పిక్సెల్ బొమ్మలు మసకగా కనిపించడం: ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ టెక్స్చర్ ఫిల్టర్‌ని నియరెస్ట్ చేయాలి. సేవ్ ఫైల్‌ని ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోకే రాయడం: ఎడిటర్లో బాగానే నడుస్తుంది, ఎక్స్‌పోర్ట్ చేశాక అక్కడికి రాయడం కుదరదు, యూజర్ అనే దారి వాడాలి. ఫైల్ పేర్లలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా: విండోస్ పట్టించుకోదు, ఎక్స్‌పోర్ట్ చేసిన గేమ్ పట్టించుకుంటుంది. మీ కంప్యూటర్లో కనిపించిన బొమ్మ స్నేహితుడి ఫోన్లో మాయమైతే ముందు ఇదే చూడండి. ఇంకొకటి, 2023 మార్చికి ముందు చేసిన ట్యుటోరియళ్లు చాలావరకు గోడాట్ 3వి. కైనమాటిక్‌బాడీ2డీ అనే మాట కనిపించిందంటే అది పాత పాఠం, 4లో దాని పేరే మారిపోయింది.

నడుస్తున్న మోడ్ ఎందుకు ఆగిపోతుంది

మోడ్ చేసినవాళ్ల బాధ అప్‌డేట్లతో. 2024 మార్చిలో స్టార్‌డ్యూ 1.6 వచ్చినప్పుడు వస్తువుల ఐడీల్లో అంకెలే కాక అక్షరాల మాటలూ వాడే పద్ధతి వచ్చింది (పార్స్‌నిప్ 24 లాంటి పాతవి అలాగే ఉన్నాయి), ఎన్నో మోడ్‌లు తిరగరాయాల్సి వచ్చింది. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌లో అయితే 1.20.1 కోసం చేసిన మోడ్ 1.21లో నడుస్తుందని ఆశ పెట్టుకోవద్దు. ఫ్యాబ్రిక్ అనే లోడర్ మీద రాసింది నియోఫోర్జ్ అనే ఇంకో లోడర్ మీద నడవదు, జావా మోడ్ ఫోన్లోని బెడ్‌రాక్ ఎడిషన్‌లోకి ఎక్కదు. ఏ వెర్షన్‌కి చేశారో మోడ్ పేరు పక్కనే రాయడం అలవాటు చేసుకోండి.

రెండు మోడ్‌లు ఒకే వస్తువును మార్చినా గొడవే. స్కైరిమ్‌లో లోడ్ ఆర్డర్ అనేది ఇందుకే: చివర లోడ్ అయినదాని మాటే చెల్లుతుంది. మీ మోడ్ పనిచేయడం లేదని ఎవరైనా చెబితే మొదట మిగతా మోడ్‌లన్నీ తీసేసి ఇదొక్కటే నడపమనండి. అప్పుడు పనిచేస్తే సగం సగం తిరిగి పెట్టుకుంటూ వెళ్లాలి. 32 మోడ్‌లున్నా ఐదు విడతల్లో దొంగ దొరుకుతాడు.

కొత్త వస్తువులు చేర్చే మోడ్ తీసేసే ముందు సేవ్ ఫోల్డర్ కాపీ పెట్టుకోండి. పెట్టెలో ఆ వస్తువు ఉండగా మోడ్ తీసేస్తే స్టార్‌డ్యూ అక్కడ ఎర్రర్ ఐటమ్ అని చూపిస్తుంది. మీ మోడ్ వాడేవాళ్లకూ ఈ సంగతి ముందే చెప్పడం మర్యాద.

ఇంజిన్‌లో ఈ బెడద లేదు. గోడాట్ కొత్త వెర్షన్ వచ్చినా మీ గేమ్ పాతదానితోనే ఉండొచ్చు. ప్రాజెక్ట్ సగంలో ఉండగా వెర్షన్ మార్చకండి, తప్పదంటే ఫోల్డర్ మొత్తం కాపీ తీసి ఆ కాపీ మీద ప్రయత్నించండి.

ఎవరి సొత్తు

మోడ్‌లో మీరు గీసిన బొమ్మ, రాసిన కోడ్ మీవే కావచ్చు, కానీ కింద ఉన్న గేమ్ మీది కాదు. ఆ గేమ్ ఒప్పందంలో ఏముందో చదవకుండా డబ్బు అడగకండి. మైన్‌క్రాఫ్ట్ జావాకి మోడ్ చేసి ఉచితంగా పంచుకోవచ్చు, గేమ్ కోడ్ కలిపి పంచకూడదు. 2020లో వార్‌క్రాఫ్ట్ 3 రీఫోర్జ్‌డ్ వచ్చినప్పుడు, దాని ఎడిటర్లో చేసిన కస్టమ్ గేములన్నీ తమవేనని దాన్ని తయారుచేసిన బ్లిజర్డ్ నిబంధన పెట్టింది. డోటా వాల్వ్‌కి చేజారిన తర్వాత పెట్టిన నిబంధన అది. మీ ఆలోచన మీద మీకు గట్టి నమ్మకం ఉంటే, అది పదిమందికీ నచ్చాక కాదు, మొదట్లోనే ఇంజిన్‌కి మారండి.

ఇంజిన్లలోనూ షరతులు వేరు వేరు. గోడాట్ ఎంఐటీ లైసెన్స్, ఎంత సంపాదించినా వాటా ఇవ్వక్కర్లేదు. అన్‌రియల్‌తో చేసిన గేమ్ మీద మొదటి 10 లక్షల డాలర్ల వరకు ఏమీ లేదు, ఆ పైన మామూలుగా 5 శాతం. యూనిటీ 2023 సెప్టెంబర్‌లో ఇన్‌స్టాల్‌కి ఇంత అని రుసుము ప్రకటించి, గొడవయ్యాక సరిగ్గా ఏడాదికి రద్దు చేసుకుంది. అద్దె షరతు మధ్యలో మారే అవకాశం ఇంజిన్‌లోనూ ఉందనడానికి అదే గుర్తు. అమ్మాలంటే స్టీమ్‌లో ఒక్కో గేమ్‌కి 100 డాలర్లు, ప్లే స్టోర్‌లో ఒక్కసారి 25 డాలర్లు. ప్లే స్టోర్‌లో కొత్త వ్యక్తిగత అకౌంట్ అయితే 12 మంది చేత వరుసగా 14 రోజులు పరీక్ష చేయించాకే విడుదలకు అనుమతి అడగొచ్చు. స్నేహితుల పేర్లు ముందే రాసిపెట్టుకోండి. ఇచ్ డాట్ ఐఓలో పెట్టడానికి మాత్రం ఖర్చేమీ లేదు.

మధ్యలో ఉన్నవి, ఫోన్ మాత్రమే ఉంటే

రెండిటికీ మధ్య దారులు ఉన్నాయి. లువాంటి, 2024 అక్టోబర్ దాకా దాని పేరు మైన్‌టెస్ట్, పూర్తిగా ఉచితం. మోడ్ రాసినట్టే లువా భాషలో చిన్న చిన్న ముక్కలు రాస్తారు, కానీ ఆ ముక్కలన్నీ కలిపితే మీ సొంత గేమ్ అవుతుంది. ఎవరి అనుమతీ అక్కర్లేదు. మోడింగ్ సుఖం, సొంత గేమ్ హక్కు రెండూ కావాలంటే మేం మొదట చెప్పేది ఇదే. కథ చెప్పే గేమ్ అయితే రెన్‌పై. రోబ్లాక్స్ స్టూడియోలో తొందరగా పదిమంది చేత ఆడించొచ్చు, అయితే చేసింది ఆ గోడల మధ్యే ఉంటుంది, బయటికి తెచ్చుకోలేరు. దానికి కంప్యూటర్ కూడా కావాలి.

చేతిలో ఫోన్ ఒక్కటే ఉన్నా ఆగాల్సిన పని లేదు. గోడాట్ ఎడిటర్ ఆండ్రాయిడ్‌లో కూడా ఉంది. చిన్న తెర మీద నోడ్లు జరపడం విసుగు తెప్పిస్తుంది, ఒక చవక బ్లూటూత్ కీబోర్డ్, మౌస్ ఉంటే చాలా తేలిక. మైన్‌క్రాఫ్ట్ బెడ్‌రాక్ యాడ్ఆన్‌లను కూడా ఫోన్లో ఫైల్ మేనేజర్, టెక్స్ట్ ఎడిటర్ పెట్టుకుని చేయొచ్చు. దాని మానిఫెస్ట్‌లో హెడర్‌కి ఒకటి, మాడ్యూల్‌కి ఒకటి, రెండు యూయూఐడీలు (ఇంకెక్కడా రాని పొడవాటి గుర్తింపు కోడ్‌లు) కావాలి. ఒకదాన్నే రెండు చోట్లా అతికిస్తే ప్యాక్ దిగుమతి కాదు. వేరే ప్యాక్ నుంచి కాపీ కొట్టినా పాత ప్యాక్‌తో తగువు వస్తుంది.

తెలుగు అక్షరాలు కావాలంటే

మోడ్‌కీ ఇంజిన్‌కీ ఉన్న దూరం మనవాళ్లకు అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది ఇక్కడే. "స్త్రీ" అన్న మాట తీసుకోండి. మన కంటికి ఒకే అక్షరం. కంప్యూటర్‌కి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆ ఆరింటినీ చూసి ఒక రూపంగా అల్లే పనిని షేపింగ్ అంటారు. చాలా గేములు ఒక్కో అక్షరానికి ఒక్కో చిన్న బొమ్మ పెట్టుకుని వరసగా అతికించుకుంటూ పోతాయి. ఇంగ్లిష్‌కి అది సరిపోతుంది. తెలుగులో వత్తులు విడిపోయి, పొల్లులు పైకి తేలి, చదవలేని ముద్ద మిగులుతుంది.

స్టార్‌డ్యూ కొత్త భాషలు చేర్చుకోనిస్తుంది, ఫాంట్ బొమ్మలు కూడా మార్చుకోనిస్తుంది. అయినా షేపింగ్ లేదు కాబట్టి అనువాదం ఎంత బాగా చేసినా తెర మీద తెలుగు రాదు. రావాలంటే అక్షరాలు గీసే కోడ్‌నే మోడ్‌తో మార్చాలి, అంటే మూడో పొర పని. ఏ గేమునైనా తెలుగు చేయాలనుకుంటే ఒక్క వాక్యం కూడా అనువదించకముందే ఒకచోట "స్త్రీ, క్ష్మా, కర్ర, వాఙ్మయం" అని పెట్టి చూడండి. అవి కుదిరితేనే ముందుకు వెళ్లండి.

ఇంజిన్ అయితే ఎంపిక మీ చేతిలో ఉంది. గోడాట్ 3లో షేపింగ్ లేదు, 4లో ఉంది. యూనిటీలో అందరూ వాడే టెక్స్ట్‌మెష్ ప్రో తెలుగు వత్తులను తనంతట తాను అల్లదు. గోడాట్ 4లో లేబుల్ పెట్టి తెలుగు అతికిస్తే మీ కంప్యూటర్లో వెంటనే సరిగ్గా కనిపిస్తుంది, అక్కడే ఒక చిక్కు ఉంది. అది సిస్టమ్‌లోని తెలుగు ఫాంట్‌ని అరువు తెచ్చుకుంటోంది. అదే గేమ్‌ని బ్రౌజర్‌కి ఎక్స్‌పోర్ట్ చేస్తే సిస్టమ్ ఫాంట్లు అందవు, అక్షరాల చోట ఖాళీ డబ్బాలు వస్తాయి. నోటో సాన్స్ తెలుగు గానీ, మండలి గానీ దించుకుని ప్రాజెక్ట్ ఫోల్డర్లో పెట్టండి. రెండూ గేముల్లో కలిపి పంచుకోనిచ్చే ఓపెన్ లైసెన్స్ ఫాంట్లే. తర్వాత ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో జీయూఐ, థీమ్, కస్టమ్ ఫాంట్ దగ్గర దాన్ని ఇవ్వండి.

సంభాషణలు ఒక్కో అక్షరం కనిపిస్తూ వచ్చేలా చేస్తే ఇంకో సంగతి చూసుకోవాలి. మామూలు అమరికలో లేబుల్ ముందు అక్షరాలు కత్తిరించి, తర్వాత షేపింగ్ చేస్తుంది. దాంతో "స్త్రీ" వచ్చే ముందు "స", "స్", "స్త" అని రూపాలు మారుతూ తెర మీద మాట గెంతుతుంది. ఇన్‌స్పెక్టర్‌లో విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్ అనే చోట క్యారెక్టర్స్ ఆఫ్టర్ షేపింగ్ ఎంచుకుంటే, ముందు మాట మొత్తం అల్లుకుని ఆ తర్వాతే ఒక్కో ముక్కా బయటికి వస్తుంది.